భుజం దగ్గర నలిగిన మల్లయోధుడు

“సార్, చెయ్యి పైకెత్తంగనే బొమ్మ భుజం కాడ గిట్ల నలిగిపోతుందేంది?” అడిగింది జ్యోతిక.

శ్రీకర్ స్క్రీన్ వంక చూశాడు. మల్లయోధుడి భుజం పిండిన తడిగుడ్డలా మెలితిరిగి ఉంది. ఎందుకలా అయిందో అతనికి తెలియదు.

వీడియో గేముల కోసం మనుషుల బొమ్మలు చేసి, వాటి లోపల ఎముకలు అమర్చి కదిలించడం నేర్పే ఆ దిల్‌సుఖ్‌నగర్ ఇన్‌స్టిట్యూట్‌లో అతను సీనియర్ ఫ్యాకల్టీ. గోడ మీది ఫ్లెక్సీలో అతని పేరు కింద ‘ఇండస్ట్రీ ఎక్స్‌పర్ట్’ అని ఉంటుంది. ఆ ఇండస్ట్రీ గడప మాత్రం అతనింకా తొక్కలేదు. ఎల్బీనగర్‌లోని ఓ గేమ్ కంపెనీకి అప్లికేషన్ పెట్టి, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తున్నాడు.

“అది అడ్వాన్స్‌డ్ మాడ్యూల్ అమ్మా. రేపు మీరే కనుక్కొచ్చి క్లాసుకు చెప్పండి.”

మర్నాడు ఆమె చెప్పింది. “ఎముక కదిలితే చుట్టూ ఉన్న చర్మం ఎంత కదలాల్నో మనమే చెప్పాలె. భుజం ఎముకకు మెడ దాకా పెత్తనమిస్తే నలగక ఏం చేస్తది?”

“కరెక్ట్. ఈ ముక్క మీ నోటితోనే చెప్పించాలని నిన్న ఆగాను,” అన్నాడు శ్రీకర్, గబగబా బోర్డు మీద రాసుకుంటూ.

జ్యోతిక ఈమధ్యే చేరింది. బ్యాచ్‌లో అందరికంటే పెద్దది. ‘ఇంటికాడ ఊకె కూసోబుద్ధి కాలే’ అని చేరిన రోజే చెప్పింది. ఆ ఒక్కమాటతో శ్రీకర్ ఆమెను అంచనా వేసేశాడు. ఆమె ప్రశ్న అడిగినప్పుడల్లా, “గరిటె తిప్పినట్టు మౌస్ తిప్పితే కుదరదమ్మా,” అనేవాడు. క్లాసు నవ్వేది. ఆమె కూడా నవ్వి, మళ్లీ ఇంకో ప్రశ్న అడిగేది.

ఎట్టకేలకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. మీరు చేసినవాటిలో మంచి బొమ్మ పట్టుకుని రమ్మన్నారు.

శ్రీకర్ దగ్గరున్నది ఒక రోబో. దానికి భుజాలు వంగవు. కాసేపు మథనపడి, క్లాసు కంప్యూటర్లోంచి, జ్యోతిక భుజం సరిచేసి పెట్టుకున్న మల్లయోధుణ్ణి కాపీ చేసుకున్నాడు. మీసం కాస్త పెంచి, కింద తన పేరు వేసుకున్నాడు.

ఎల్బీనగర్ ఆఫీసులో హరీష్ అనే కుర్రాడు కూర్చోబెట్టి, బొమ్మను అటూఇటూ తిప్పి చూశాడు.

“భుజం మంచిగొచ్చింది. ఎట్ల చేసిన్రు?”

జ్యోతిక చెప్పిన పాఠాన్ని శ్రీకర్ పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

“మీ స్టూడెంట్లు ఎట్లుంటరు?”

“ఏం చెప్పమంటారు. ఇంట్లో పొద్దుపోక ఒకావిడ వస్తుంది. ఈ భుజం సంగతి ఆమె బుర్రకెక్కించేసరికి నా భుజాలు పడిపోయాయి.”

హరీష్ తల వంచుకున్నాడు. అంతలో తలుపు తీసుకుని జ్యోతిక లోపలికొచ్చింది.

శ్రీకర్ చప్పున కంప్యూటర్‌కు అడ్డంగా జరిగాడు. స్క్రీన్ మీద మల్లయోధుడు చెయ్యెత్తి నిలబడే ఉన్నాడు. మరుక్షణం, ఈమె కూడా ఉద్యోగానికే వచ్చి ఉంటుందన్న ఆలోచన రాగానే ధైర్యం కూడదీసుకున్నాడు.

“ఇక్కడ ఇంటర్వ్యూ జరుగుతోందమ్మా. బయట కూర్చోండి, నేను చెప్తాలే వీళ్లకి,” అన్నాడు సార్ గొంతుతో.

హరీష్ లేచి తన కుర్చీ ఆమెకు జరిపాడు.

“మేడం, ఉద్యోగమిచ్చేది మీరే గద, ఏమన్న అడుగుతరా?”

“అడగాల్సినవన్నీ క్లాసులనే అడిగిన,” అంది జ్యోతిక.