బట్ట కింద చెయ్యి

తెల్లారితే సిద్దిపేట దవాఖానలో నాగేశం తొడకు రెండో ఆపరేషన్. సూడాన్‌లో కంపెనీ లారీ తోలుతుండగా పడిన బాంబు పెంకు ఒకటి ఇంకా లోపలే ఉంది. మొదటి ఆపరేషన్ అక్కడే, యుద్ధం మధ్యలో, ఒక డేరాలో పరదేశపు డాక్టర్లు చేసి ప్రాణం నిలబెట్టారు.

"భయమైతుందా నాగేశమన్నా?" సెలైన్ మారుస్తూ అడిగింది నర్సు శ్రీలేఖ.

"శానా అయితుంది చెల్లె. గాడ గింత కాలేదు. నడుముకు సూదిచ్చిన్రు, మెలకువతోనే ఉన్న. బయట బాంబులు. ఒక డాక్టరు నా మీద కప్పిన బట్ట కింద నా చెయ్యి పట్టుకుని ఆఖరుదాకా ఇడువలే. దండం పెట్టకుండనే వచ్చిన."

"గ్లౌజులు ఏసుకున్నంక డాక్టర్లు బట్ట కిందికి చెయ్యి పోనియ్యరన్నా. వేరే ఎవరో అయ్యుంటరు."

"ఇంకెవరున్నరు? ఉన్నదే ఇద్దరు. నాలుగు చేతులూ నా కాలి మీదనే..." నాగేశం తన అరచెయ్యి వంక చూసుకున్నాడు.

శ్రీలేఖ లైటు ఆర్పి వెళ్లింది. పక్క మంచం మీది ముసలాయన, తోడెవరూ లేక, సాయంత్రం నుంచి మూలుగుతూనే ఉన్నాడు.

దుప్పటి కింద నాగేశం అరచేతిలోకి చల్లటి అరచెయ్యి వచ్చి చేరింది. అదే పట్టు. అతను అరవలేదు. కళ్లు నిండాయి.

"నీ దయతోనే బతికిన," అన్నాడు మెల్లగా. "రేపటిదాకా నేను ఉండగలుగుత. గా పెద్దాయనకు ఎవ్వరు లేరు. ఆయన దగ్గరికి పో."

పట్టు వదిలింది. అడుగుల చప్పుడు లేదు. పక్క మంచం మీద మూలుగు ఆగింది.

"ఎవరు కొడుకా నువ్వు?" అన్నాడు ముసలాయన చీకట్లో. "చెయ్యి గింత సల్లగున్నదేంది?"