తొమ్మిదో మంచం మీద ఫిర్యాదు

బోధనాసుపత్రిలో విద్యార్థులు నేర్చుకోవడానికి తొమ్మిదో మంచం మీద పెట్టిన మరమనిషి రోగి మూడు రోజులుగా నోరు విప్పడం లేదు. ఎల్లుండే పరీక్ష. విద్యార్థులు కంగారుపడి కంప్యూటర్ విభాగానికి ఫిర్యాదు పెట్టారు.

అక్కడి నుంచి పైడితల్లి పనిముట్ల పెట్టెతో వచ్చింది. మరరోగి వీపు విప్పి, తీగలన్నీ చూసి మూసేసింది.

"బాగానే ఉన్నాడు. మీరేటడిగారు?"

"నొప్పెక్కడ, ఎన్నాళ్ల నుంచి, విరేచనం ఎలా అవుతోందని వరసగా అడిగాం మేడమ్," అంది విద్యార్థిని నిహారిక.

పైడితల్లి స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"ఏటి మావయ్యా, అన్నం తిన్నావా?"

మరరోగి కళ్లు తెరిచాడు. "ఏటి తింతాను తల్లీ! నాలుగు దినాలై మెతుకు గొంతు దిగనేదు. సుట్ట మానీమంతారని ఈళ్లకి సెప్పనేదు."

నిహారిక గబగబా రాసుకుంది.

"మన జిల్లా రోగుల మాటలు వినే నేర్చుకున్నాడర్రా," అంది పైడితల్లి.

అందరూ పాసయ్యారు. వారం తిరక్కుండా అసలు రోగుల వార్డు నుంచి కంప్యూటర్ విభాగానికి హెడ్ నర్సు ఫిర్యాదు వచ్చింది. "విద్యార్థులు ఒక్కో మంచం దగ్గర గంటేసి కూర్చుంటున్నారు. ఇంటికెళ్లమంటే రోగులు కదలడం లేదు. వెంటనే బాగుచేయండి."

పైడితల్లి వార్డంతా ఒకసారి తిరిగొచ్చి జవాబు రాసింది.

"పరిశీలించాం. అందరూ బాగానే పనిచేస్తున్నారు."