మంచె మీద నలుగురు

ఎలుగుబంటి సరిగ్గా మంచె కిందికే వచ్చింది. వీపు మీద రెండు పిల్లలు. పక్కనే ఇప్పచెట్టు. రాలిన పూలను ఒక్కొక్కటే ఏరుకుని తింటోంది.

పైన నలుగురు ఇరుక్కుపోయారు. జమ్మికుంట నుంచి వచ్చిన పద్మలత, ఆమె భర్త శ్యాంసుందర్. మందమర్రి నుంచి వచ్చిన బెంజమిన్, అతని భార్య మహిమ. జన్నారం అడవి చూద్దామని వచ్చినవాళ్లే అందరూ. పరిచయమైంది ఈ మంచె మీదే.

శ్యాంసుందర్ ఫోన్‌లో ఫారెస్టు వాచర్ హనుమండ్లు గొంతు వినిపించింది. అతను దూరంగా జీపులో ఉన్నాడు.

"పిల్లల తల్లి సార్ అది. సప్పుడు చెయ్యకుర్రి. ఎవ్వలు గట్టిగ మాట్లాడినా, చెయ్యి లేపినా మీదికెక్కి వస్తది. జర ఓపిక పట్టుర్రి, అదే పోతది."

ఎవరూ కదల్లేదు. బెంజమిన్ మెడ మీద చెమట కారుతోంది. భార్య వైపు వంగి, పళ్లు బిగించి గొణిగాడు.

"మంచె ఎక్కుదామన్నది నువ్వే గదా."

మహిమ మెల్లగా జరిగి పద్మలత పక్కన కూర్చుంది.

ఎండ చల్లబడింది. సీసాలో నీళ్లు అయిపోయాయి. కాళ్లు తిమ్మిరెక్కాయి. మహిమ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది. ప్రార్థన చేసుకుంటోందని పద్మలతకు అర్థమైంది.

కాసేపటికి మహిమ గుసగుసగా అడిగింది.

"అది పోతదంటరా అక్కా?"

"పోతది చెల్లే. పూలు ఒడిసినంక అదే పోతది. ఫికర్ చెయ్యకు."

మహిమ కిందికి తొంగిచూసింది. చెట్టు కింద పూలు ఇక కొన్నే మిగిలాయి. ఆమె పద్మలత చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పొద్దు గుంకే వేళకు ఎలుగు తల ఎత్తింది. గాలి వాసన చూసింది. పిల్లలను వీపు మీద మోసుకుంటూ వాగు వైపు వెళ్లిపోయింది.

కాసేపు ఆగి జీపు వచ్చింది. "పోయింది సార్! ఇగ దిగుర్రి!" హనుమండ్లు కేకేశాడు.

అందరికంటే ముందు బెంజమిన్ దిగాడు. వెనకే శ్యాంసుందర్.

"మహిమా! దిగుతవా, లేదా?" కింది నుంచి బెంజమిన్ అరుపు అడవంతా వినిపించింది.

మహిమ లేవలేదు. మంచె గుంజను రెండు చేతులా పట్టుకుంది.

"పోయింది చెల్లే. ఇంకెందుకు భయం?" పద్మలత ఆమె భుజం పట్టి లేపబోయింది.

"గది ఉన్నంత సేపే నాకు భయం లేకుండె అక్కా," అంది మహిమ, "నన్ను మీ కారుల ఎక్కించుకొని పెద్దపల్లిల మా తల్లిగారింటికాడ దింపుతరా?"