ఎగరని అల్లుడి పని

"దించడం వాడికి వెన్నతో పెట్టిన విద్యన్నారుగా మావయ్యగారూ! చూడండి, ఎంత ముద్దుగా దించాడో!"

పెద్దల్లుడు వేలు చూపించిన చోట, చేల మధ్య మట్టి రన్‌వే చివర, నాలుగు సీట్ల చిన్న విమానం ముక్కు నేలకానించి తోక పైకెత్తి ఉంది. ముందు చక్రం మడతపడింది. ప్రొపెల్లర్ వంగిపోయింది. అదృష్టం బాగుండి లోపల మందుల పెట్టెలే తప్ప ప్రయాణికులెవరూ లేరు. నడిపిన చిన్నల్లుడు నుదుటి మీద బొప్పితో బయటపడ్డాడు. వీళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి పక్కనున్న గడ్డిలోంచి నడిచొస్తున్నాడు.

"భయానికి వాంతి చేసుకున్నట్టున్నాడు పాపం," అన్నాడు పెద్దల్లుడు. నోట్లోనే పాపం, మొహం మాత్రం వెలిగిపోతోంది.

వెలగదూ మరి! విమానం మామగారిది. ఉన్నది ఒక్కటే, అల్లుళ్ళు ఇద్దరు, ఇద్దరూ పైలట్లే. ఏ రోజు ఎవరు ఎగరాలో మామగారు చెబుతారు. ఆ రోజు ఎగరని అల్లుడు ముందు చక్రానికి ఇనుప కడ్డీ తగిలించి, విమానాన్ని షెడ్డులోంచి బయటికి లాగాలి. ఈ మధ్య ఆ కడ్డీ ఎప్పుడూ పెద్దల్లుడి చేతికే వస్తోంది. ఇవాళ పొద్దున కూడా చెమటలు కక్కుతూ లాగాడు. అంతలో అత్తగారు వచ్చి చిన్నల్లుడి చేతికి కాఫీ ఫ్లాస్కు అందించి, "జాగ్రత్త నాయనా" అంది. తనతో ఏనాడైనా అలా అందా? కడుపు మండిపోయింది. వెనక్కి తిరిగి చూడకుండా విసవిసా ఇంట్లోకి పోయాడు.

మామగారు విమానం చుట్టూ ఓసారి తిరిగొచ్చారు. "ఏమైంది అల్లుడూ?"

"నా తప్పే మావయ్యగారూ. చూసుకోలేదు," అన్నాడు చిన్నల్లుడు తలొంచుకుని.

"చూసుకోలేదట! ఇంత రన్‌వే కనబడలేదా? అయినా కోతికి కొబ్బరికాయ ఇస్తే ఇంతే అవుతుంది!"

"నువ్వు కాసేపు ఊరుకోవయ్యా," అని మామగారు విసుక్కున్నారు. వంగిన ప్రొపెల్లర్‌ని ఓసారి చేత్తో తడిమారు. "సరే. బాగుచేయించాక ఇక పెద్దల్లుడే నడుపుతాడు. నువ్వు కింద పని చూసుకో."

"అలాగే," అన్నాడు చిన్నల్లుడు. ఎగరడమంటే వాడికి ప్రాణం. ఆ సంగతి పెద్దల్లుడికి బాగా తెలుసు. తెలుసు కాబట్టే అంత సంబరం.

మామగారు మెకానిక్కుకి ఫోన్ చేయడానికి ఇంట్లోకి వెళ్ళగానే, పెద్దల్లుడు షెడ్డువైపు దారితీశాడు.

"రా తమ్ముడూ, రా! నీ కొత్త ఉద్యోగం నీ చేతుల్లో పెడతాను. లాగి లాగి నా అరచేతులు కాయలు కాశాయి. ఇక నీ వంతు!"

గోడకి కడ్డీ తగిలించే మేకు ఖాళీగా ఉంది. మూలన చూశాడు. డ్రమ్ముల వెనక చూశాడు. ఎక్కడా లేదు.

"కడ్డీ ఏదిరా? ఏం చేశావ్?" అని గట్టిగా అరిచాడు.

చిన్నల్లుడు గుమ్మం దగ్గరే ఆగిపోయి, ఇంటివైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

"అరవకు అన్నయ్యా, మావయ్యగారికి వినబడుతుంది. పొద్దున నువ్వు దాన్ని చక్రానికే వదిలేశావు, నేనూ చూసుకోకుండా ఎక్కేశాను. దిగేటప్పుడు అదే మట్టిలో గుచ్చుకుంది. మీరొచ్చేలోపే ఊడబీకి గడ్డిలో దాచేశాను."