శరభ ఆఖరి గొంతు

చెవిలో పెట్టుకునే యంత్రాలు ఎవరికి నచ్చినట్టు వాళ్లకు పాటల్ని మార్చి వినిపించడం మొదలుపెట్టాక, ర్యాపర్ శరభ చివరి రెండు ఆల్బమ్‌లను ఉన్నదున్నట్టు వినేవాళ్లే కరువయ్యారు. గొంతు ఆపరేషన్ తర్వాత చేసినవవి. మాటమాటకీ ఊపిరి తెగుతుంది.

"వచ్చిన కొత్తలో అందరూ చెత్తన్నారు గానీ, బానే ఉన్నాయి కదే," అన్నాడు శరభ అభిమాని ఎస్తేరుతో వాళ్లన్నయ్య, దోసె తింటూ.

"నువ్వు విన్నది యంత్రం బాగుచేసిన గొంతు అన్నయ్యా. మాట రాకపోయినా మనతో మాట్లాడాలని ఎంత తన్నుకులాడాడో, అదంతా తుడిచేసింది. నాకదే పాట."

అన్నయ్య నవ్వి ఇంకో దోసె వేసుకున్నాడు.

ఆ నెలలోనే శరభ పోయాడు. విశాఖ బీచ్‌లో సంతాప సభకు ఎస్తేరు ఓ పాత స్పీకరు పట్టుకెళ్లి, అతని చివరి పాట ఏ మార్పూ లేకుండా పెట్టింది.

"చచ్చినవాడి పరువు తీస్తావేంటి? కట్టెయ్!" అని చుట్టూ ఉన్నవాళ్లు కసిరారు. ఏడుస్తూ కట్టేయబోయింది.

ముందు వరసలోంచి శరభ తల్లి లేచి వచ్చింది.

"ఉంచమ్మా. ఇంట్లో యంత్రంలో ఎలా పెట్టినా వాడి పాత గొంతే వస్తోంది. రెండేళ్లుగా వాడు నన్ను అమ్మా అని పిలిచింది ఈ గొంతుతోనే."

ఇద్దరూ ఇసుకలో కూలబడి పాటంతా విన్నారు.