కరాటే నమస్కారం

"బస్తాని బండితో గుద్దీసి ఊరకే ఎల్పోతన్నావేటి?" కోటబొమ్మాళి బజార్లో ధాన్యం దింపుతున్న జగన్నాధం చెయ్యెత్తి మీదికొచ్చాడు.

కరాటే మాస్టారు మురళీమోహన్‌కి ఇన్నాళ్లకి అసలైన పోరు దొరికింది. "వద్దు, ఎల్పోదాం" అంటున్న భార్య రేఖ మాట వినకుండా ఠీవిగా బండి దిగాడు.

కొట్టే ముందు ప్రత్యర్థికి వంగి నమస్కరించడం కరాటే నియమం. నడిబజారైనా నియమం నియమమే. చేతులు తొడలకు ఆనించి, నడుం పూర్తిగా వంచాడు.

జగన్నాధం ఎత్తిన చెయ్యి దించేశాడు. "పోన్లే బాబూ, తప్పొప్పుకున్నావు. ఇంక ఎల్లు" అని భుజం తట్టాడు. ఆ తట్టడానికే బ్లాక్‌బెల్టు వీరుడు తూలి బండిమీద పడ్డాడు.

దారిలో రేఖ అంది: "రేపట్నుంచి పిల్లలకి తన్నడం నేర్పడం మానీసి ఇదే నేర్పండి."

"మొదటి పాఠం ఇదేనే," అన్నాడు మురళీమోహన్ భుజం తడుముకుంటూ. "అదెందుకు పెట్టారో ఇయ్యాలే తెలిసినాది."