కొత్త మాడ్యూల్, పాత అల్లుడు

“దాని జోలికి వెళ్లకయ్యా! పాత బండి. కొత్త సామాను పెడితే తట్టుకోలేదు!”

తలుపులాయన మెకానిక్‌ని ఆపుతూ పికప్ ట్రక్కుకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు, ఆపరేషన్ వద్దని డాక్టరును బతిమాలే బంధువులా.

“తట్టుకోలేనిది బండా, మీరా?” అంది భార్య. ఆమె చేతిలో చిన్న అట్టపెట్టె ఉంది. ఆ పెట్టెలో కొత్త బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఉంది. ఆయన్ని నమ్ముకుంటే ఈ జన్మకి కాదని తెలిసి, స్పేర్ పార్టుల కొట్టుకి తానే వెళ్లి తెచ్చుకుంది.

ఊళ్లోవాళ్లకి తలుపులూ గుమ్మాలూ అమ్ముతాడు కాబట్టి ఆయన తలుపులాయన. ఆయన సరుకు మోసే పద్నాలుగేళ్ల పికప్‌కి నాలుగు నెలలుగా మతి తప్పింది. ఎడమ ఇండికేటర్ వేస్తే వైపర్లు ఊగుతాయి. డోరు తీస్తే హారన్ మోగుతుంది. వాన మొదలవగానే అద్దాలు వాటంతటవే కిందికి దిగి, రమ్మని దారిస్తాయి. ఒక్కోరోజు అసలు స్టార్టే కాదు. సరుకు వెయ్యాల్సిన రోజున ఎలాగో మూలుగుతూ కదిలే బండి, ఆదివారం మాత్రం ఠంచనుగా మొరాయించేది. ఆదివారమంటే అత్తగారింటికి వెళ్లే రోజు. యంత్రాలకి మనసుండదని ఎవరన్నారో గాని, వాళ్లకి ఈ బండి సంగతి తెలియదు.

“బస్సులో వెళ్దామంటే నడుంనొప్పి అంటారు. ఆటో అంటే కుదుపులంటారు. ఇక మీ సాకులు కట్టిపెట్టండి. రేపు వెళ్లి తీరాల్సిందే,” అంది భార్య. “నువ్వు కానివ్వు తమ్ముడూ.”

మెకానిక్ బ్యాటరీ వైరు తప్పించి, స్టీరింగ్ కింద పడుకుని, ప్లాస్టిక్ మూత ఊడదీశాడు. లోపలినుంచి అరచేతంత నల్ల పెట్టెను బయటికి లాగాడు. దాని పిన్నులకి పచ్చగా చిలుము పట్టింది.

“లైట్లు, వైపర్లు, హారన్, లాకులు, అన్నిటి మీదా పెత్తనం దీనిదే సార్. ఇది ఊఁ అంటేగాని ఇంజన్ కూడా స్టార్టవ్వదు. నీళ్లు చేరి దీనికి బుర్ర చెడింది. పాపం, చెయ్యమన్నది ఒకటైతే చేసేది ఇంకొకటి.”

“దానికి అలా ఉండే స్వేచ్ఛ లేదా?” అని గొణిగాడు తలుపులాయన.

కొత్త పెట్టె బిగిసింది. మెకానిక్ చేతి కంప్యూటర్ తగిలించి, బండి తాళంచెవులను దానికి పరిచయం చేశాడు. తర్వాత ఒక్కొక్కటే పరీక్షించాడు. ఇండికేటర్ వేస్తే ఇండికేటరే వెలిగింది. డోరు తీస్తే హారన్ నోరు మూసుకుంది. తాళం తిప్పగానే ఇంజన్ పరీక్ష పాసైన కుర్రాడిలా హుషారుగా లేచింది. ఒక్కోటి బాగవుతుంటే తలుపులాయన ముఖంలో ఒక్కో దీపం ఆరిపోయింది.

“నా ఫోను ఛార్జింగ్ అయిపోయింది. నీది ఓసారి ఇవ్వు తమ్ముడూ,” అని భార్య మెకానిక్ ఫోను తీసుకుంది. “అమ్మా! మెకానిక్ ఫోను నుంచి చేస్తున్నా. బండి బాగైపోయింది! రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. నాలుగు నెలలైందిగా, ఈసారి రెండ్రోజులు ఉంటాం. ఆయన కూడానే!”

అటువైపు కాసేపు ఉలుకూ పలుకూ లేదు.

“చూశారా, ఆనందంతో అమ్మకి నోట మాట రాలేదు,” అంటూ భార్య కళ్లు ఒత్తుకుంది. ఫోను తిరిగిచ్చి, తల్లికి పళ్లు కొనడానికి రోడ్డు దాటింది.

ఆమె కనుమరుగవగానే తలుపులాయన మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు.

“తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది. మళ్లీ ఆ పాతదే తగిలించెయ్.”

“అదేంటి సార్! బాగైన బండిని పాడుచెయ్యమంటారా? నా పనితనం పరువేం కాను?”

“నీ పరువు సరే, నా ప్రాణం సంగతి? మా అత్తగారు చెడ్డమనిషని కాదు. ఆవిడకి నా విలువ తెలీదు. వెళ్లినప్పుడల్లా ఆ ఇంట్లో తలుపులన్నీ నేనే చిత్రిక పట్టి సరిచేస్తున్నానా? బాగుందని ఒక్కనాడు అన్న పాపాన పోలేదు. పోయినసారి స్నానాలగది తలుపు చెక్కిపెడితే, గడియ పడట్లేదని నా మీదే నేరం! వంటింట్లో గిన్నెలు ఎక్కడుండాలో చెప్తే వినదు. కూరలో ఉప్పెంత వెయ్యాలో చెప్తే వినదు. ఎంతని చెప్పను? నాకూ ఓపికుండొద్దూ?”

“మేడం అడిగితే ఏం చెప్పను?”

“కొత్తది కూడా చెడిందని చెప్పు. ఈ రోజుల్లో నిఖార్సైన సామాను ఎక్కడుంది?”

“నా వల్ల కాదు సార్. అబద్ధం చెప్తే నాకు నిద్ర పట్టదు.”

అంతలో మెకానిక్ ఫోను మోగింది.

“హలో... ఆఁ, మెకానిక్‌నే అమ్మా... అవునమ్మా, పూర్తిగా బాగైంది... అయ్యో... అలాగా... ఏడవకండమ్మా... సరే సరే, పెద్దవారు, మీ మాట కాదనగలనా?”

ఫోను జేబులో పెట్టుకుని, మారు మాట్లాడకుండా మెకానిక్ మళ్లీ స్టీరింగ్ కింద దూరాడు. కొత్త పెట్టె చటుక్కున ఊడి బయటికొచ్చింది.

తలుపులాయన నోరు తెరిచాడు. “నేను కాళ్లావేళ్లా పడితే కరగనివాడివి, ఒక్క ఫోనుకే కరిగిపోయావే! ఎవరయ్యా ఆ మహాతల్లి?”

“మీ అత్తగారు సార్. పాతదే పెట్టెయ్యమంటున్నారు. అల్లుడుగారికి మాత్రం చెప్పొద్దన్నారు, పాపం నొచ్చుకుంటారట.”